జేజికి దండం

ప్రతి జనవరిలో ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరకు మా తమ్ముడు ఆదోని నుంచి వస్తాడు. వాడు బడిపంతులు. కాపురం ఆదోనిలో, ఉద్యోగం కోసిగి వైపు పల్లెలో. మాది మగ్గం ఇల్లు. నాకు ఏడేళ్ళ కొడుకు, నాలుగేళ్ళ కూతురు. రథం లాగిన రాత్రి పిల్లలు నిద్రపోయాక, బొరుగుల గంప మధ్యలో పెట్టుకుని ఇద్దరం పంచలో కూర్చున్నాం. చిన్నప్పటి నుంచీ మా ఇద్దరికీ ఒకటే తగువు. నాకు దేవుడు కావాలి, వాడికి లెక్క కావాలి. ఈసారి ఆ తగువు పిల్లల మీదికి మళ్ళింది. వాడు అన్నవి అన్నట్టే రాస్తున్నాను. నాకు జవాబు దొరకని చోట దొరకలేదనే రాశాను.

తమ్ముడు: అక్కా, సాయంత్రం చిన్నది చేసిన పనికి నువ్వు కొంగుతో కళ్ళు తుడుచుకున్నావు. నేను చూశాను.

నేను: చూస్తే చూశావులే. జనమంతా రథం మీదికి అరటిపండ్లు విసురుతున్నారు. దాని చేతికీ ఒకటి ఇచ్చాను. అది విసరలేదు. చక్రం కింద చెక్కమొద్దు పెట్టి రథాన్ని దారిలో పెడుతుంటాడే ఒకాయన, చెమటతో తడిసి గోడవారగా నిలబడి రొప్పుతున్నాడు. పోయి ఆయన చేతిలో పెట్టింది. "స్వామికి శానా ఉన్నాయి, నీకు లేవు" అంది. ఆయన ఆ పండును కళ్ళకద్దుకుని తిన్నాడు. తుడుచుకోక ఏం చేయమంటావు?

తమ్ముడు: నాలుగేళ్ళ పిల్ల అక్కా అది. పండును అంత ఎత్తు విసిరే బలం లేదు. దగ్గరున్న మనిషికి ఇచ్చేసింది. అందులో నువ్వు వేదాంతం చూశావు. నా అభ్యంతరం అదే. పిల్లలు రోజంతా ఏదో ఒకటి అంటూనే ఉంటారు. అందులో తొమ్మిది గాలికి పోతాయి. పదోది మనకు నచ్చినట్టు ఉంటే దానికి బొట్టు పెట్టి ఊరంతా తిప్పుతాం. నిన్న అదే పిల్ల అన్న చెయ్యి పళ్ళు దిగేట్టు కొరికింది. దాన్ని ఎవరికీ చెప్పవేం?

నేను: కొరికింది. చెప్తాను, దాచను. మా పిల్లలు దేవతలని నేను ఎప్పుడూ అనలేదు. కొరుకుతారు, అబద్ధం చెప్తారు, చీమల్ని తొక్కుతారు. కానీ వాళ్ళు దేన్నీ ముందుగానే చిన్నదని పక్కన పెట్టరు. రథం ఎంత గొప్పదో, చక్రం కింద మొద్దు పెట్టే మనిషీ వాళ్ళకు అంతే. ఆ చూపు మనకు పోయింది. వాళ్ళ పక్కన కూర్చుంటే కాస్త తిరిగొస్తుంది. నేను చెప్పేది ఇంతే.

తమ్ముడు: తిరిగొచ్చిందా, నువ్వు కల్పించుకున్నావా?

నేను: అయితే జేజి సంగతి విను. ఇది నీకు కూడా చెప్పలేదు.

మా అత్త పుట్టిల్లు నంద్యాల పక్క. ఆ వైపు నాయనమ్మను జేజి అంటారు. మన వైపు అవ్వ అంటాం. మా పిల్లలు మాత్రం ఆమెను జేజి అనే పిలుస్తారు. చంటిపిల్లలకు దేవుణ్ణి చూపించేటప్పుడు కూడా జేజి అనే కదా అంటాం. చిన్నదానికి ఏడాది నిండి నెలో రెండు నెలలో. సాయంత్రం దీపం పెట్టి, దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "జేజికి దండం పెట్టమ్మా" అన్నాను. అది నా ఒళ్ళోనే వెనక్కి తిరిగింది. గోడకు ఆనుకుని మా అత్త కండెలు చుడుతోంది. ఆమె వైపు రెండు చేతులూ జోడించింది. వేళ్ళు ఇంకా సరిగ్గా కలవవు, అరచేతుల మధ్య సందు ఉంది. అట్లాగే పెట్టి ఆమెనే చూస్తోంది. నేను నవ్వి, తల పటం వైపు తిప్పాను. మళ్ళీ అటే తిరిగింది. ఇంకోసారి తిప్పాను. మళ్ళీ అటే. రాట్నం చప్పుడు ఆగిపోయింది.

అప్పటికి నాకూ మా అత్తకూ పది రోజులుగా మాటల్లేవు. ఏదో పసుపు కొమ్ముల దగ్గర మొదలైన గొడవ, మా పుట్టింటి దాకా పోయింది. వంటింట్లో గిన్నెల చప్పుడుతోనే ఒకరికొకరం జవాబు చెప్పుకుంటున్నాం. నేను ఎవరితో అయితే మాట్లాడటం లేదో, నా ఒళ్ళోని బిడ్డ ఆమెకు దండం పెడుతోంది. ఆ పూట అన్నం వడ్డించేటప్పుడు నేనే ముందు, "అత్తా, ఇంకో ముద్ద పెట్టేదా?" అన్నాను.

తమ్ముడు: రెండు అర్థాలు ఒకే మాటకు ఉండటం వల్ల జరిగిన పొరపాటు అది. పిల్లకు జేజి అంటే నాయనమ్మే తెలుసు. అటు తిరిగింది. అంతే కదా?

నేను: అంతే. పొరపాటే. కానీ ఆ మాటకు రెండు అర్థాలు పెట్టినవాళ్ళు ఎవరురా? కండెలు చుట్టే ముసలమ్మకూ గుళ్ళో స్వామికీ ఒకే పిలుపు చాలనుకున్న జనం మనవాళ్ళే కదా. ఆ మాటను నేను వందసార్లు వాడాను, ఒక్కసారీ వినలేదు. ఏడాది పిల్ల విన్నది.

వాడు బొరుగుల్లో వేరుశనగ గింజలు ఏరుకుంటూ కాసేపు ఊరుకున్నాడు. చిన్నప్పుడూ అంతే. ఓడిపోతున్నప్పుడు గింజలు ఏరేవాడు. కానీ ఈసారి ఓడిపోలేదు.

తమ్ముడు: అక్కా, చలం 'బిడ్డల శిక్షణ' నువ్వే నాకు తెచ్చిచ్చావు, గుర్తుందా? పిల్లల మీద పెద్దల పెత్తనం గురించే కదా ఆయన బాధంతా. నాకు భక్తి కూడా ఒక పెత్తనంలాగే కనిపిస్తుంది. కొట్టి భయపెట్టడం మానేశాం. దేవుడు చూస్తున్నాడని చెప్పి భయపెడుతున్నాం. కర్ర మారింది.

నేను: అంత రాసిన చలం 1950లో ఎక్కడికి పోయాడో కూడా నీకు తెలుసు. అరుణాచలం. 1979లో పోయేదాకా అక్కడే ఉన్నాడు. పిల్లల మీద ఏదీ రుద్దొద్దన్న మనిషే తన మటుకు తాను వెతుక్కుంటూ పోయాడు. ఆ రెండూ ఒక్క మనిషిలో ఇమిడాయి కదా. నా ఇంట్లో ఎందుకు ఇమడవు? నేను రుద్దను, వెతుక్కుంటాను.

తమ్ముడు: రుద్దవా? పెద్దోడు శ్లోకం తప్పు చెప్పాడని పాలు ఇవ్వకుండా కూర్చోబెట్టిన పొద్దు నేను ఇదే పంచలో ఉన్నాను.

నేను: ఉన్నావు. అది నా తప్పు. ఈ మాట నువ్వు తీయకపోయినా నేనే చెప్పేదాన్ని. వాడికప్పుడు ఐదేళ్ళు. చుట్టాలు వస్తే వాడి చేత గడగడా చెప్పించాలని నాకు ఆశ. వాడు చెప్పేవాడు కూడా. ఒకరోజు ఇంటినిండా జనం ఉండగా మధ్యలో ఒక పాదం మరిచిపోయాడు. నా ముఖం చూశాడు. చూసి, నిలబడినచోటే నిక్కరు తడుపుకున్నాడు. నా కళ్ళల్లో వాడికి ఏం కనిపించిందో నాకు తెలుసు. ఆ రాత్రి దీపం దగ్గర నేను చెప్పుకున్న క్షమాపణ స్వామికి కాదు, వాడికి. నిద్రపోతున్న వాడి కాళ్ళ దగ్గర కూర్చుని చెప్పుకున్నాను.

అప్పటి నుంచి మా ఇంట్లో పద్ధతి మార్చాం. దీపం పెట్టాక ఆ రోజు మనకు ఎవరు ఏం చేశారో ఒక్కొక్కరూ ఒకటి చెప్పాలి. చిన్నది రోజూ ముందు పిల్లి పేరు చెప్తుంది. పెద్దోడు నీళ్ళు వదిలే ఆయన అంటాడు, బడి ఆయమ్మ అంటాడు. మా ఆయన ఒకరోజు నా పేరు చెప్పాడు, అదీ వింతే. శ్లోకం తర్వాత. వస్తే చెప్తారు, రాకపోతే లేదు. పెద్దోడు ఇప్పుడు తనంతట తానే రెండు నేర్చుకున్నాడు, వాళ్ళ జేజి నోట విని.

తమ్ముడు: ఇది బాగుంది. కానీ దీనికి దేవుడెందుకు? దీపం కూడా ఎందుకు? కృతజ్ఞత అంటే సరిపోతుంది. పైగా దేవుని పేరు నేర్పిన మరునాడే మా దేవుడు, మీ దేవుడు అన్నది కూడా పిల్లలు నేర్చుకొస్తారు. నా తరగతిలో చూస్తుంటాను.

నేను: అది మనం నేర్పితే నేర్చుకుంటారు. మన పక్క పల్లెల్లో పీర్ల పండుగకు ఎవరింటి పిల్లలు పోరు చెప్పు? పోయినసారి పక్కింటి ఆపా మలీదా పళ్ళెం తెచ్చి ఇస్తే చిన్నది ముందు పళ్ళేనికి దండం పెట్టింది, తర్వాత ఆపాకు పెట్టింది, తర్వాత తిన్నది. ఆపా నవ్వి నవ్వి గడపలోనే కూర్చుండిపోయింది. గీత గీసేది పెద్దవాళ్ళే. ఇందులో నీ కోపం న్యాయమే, కాదనను.

కృతజ్ఞత అన్నావు కదా, దాని సంగతి చెప్తాను. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది, గుర్తుందా?

తమ్ముడు: ఎందుకు గుర్తుండదు? దిగువ కాలువ నీళ్ళు రాకపోతే ఆదోనికీ ఎమ్మిగనూరుకూ తాగడానికే లేదు. ఆ వారం రోజులూ స్టాఫ్ రూములో వేరే మాటే లేదు.

నేను: మా ఇంట్లోనూ అంతే. నిండిన డ్యాం, కళ్ళముందే నీళ్ళు ఏటిపాలు. మా ఆయన టీవీ ముందు నుంచి లేవలేదు. పెద్దోడికి అప్పుడే ముందు పన్ను కదులుతోంది. "డ్యాంకు పన్ను ఊడిందా నాయనా?" అన్నాడు. ఊడిందన్నాం. ఆ పూట నుంచి దీపం దగ్గర రోజూ అదే మొక్కు. "జేజీ, డ్యాం పన్ను మళ్ళీ రానీ."

తమ్ముడు: వచ్చింది. జేజి పెట్టలేదు. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు పెట్టాడు. రిటైరైన వయసులో ఆ పెద్దాయన వచ్చి, పారే నీళ్ళల్లో స్టాప్‌లాగ్ దించాడు. ఆయన వెంట ఎందరు పనివాళ్ళు, ఎన్ని క్రేన్లు, ఎంత లెక్క! దేవుడి ఖాతాలో వేస్తే ఆ మనుషుల కష్టం ఏం కావాలి?

నేను: మావాడు వేయలేదే. గేటు పడిన రోజు సాయంత్రం వాడు చెప్పిన మాట ఇది: "కన్నయ్య తాత చల్లగుండాల." అంతే. ఆ తర్వాత చాలా రోజులు ఆ పేరు దీపం దగ్గర వినపడింది. ఎవరు చేశారో వాడికి తెలుసు. వాడికి దేవుడూ కన్నయ్యనాయుడూ పోటీ కాదు. పోటీ పెట్టేది నువ్వూ నేనూ.

తమ్ముడు: అయితే అది కృతజ్ఞతే. నేను అన్నదే నువ్వూ అన్నావు.

నేను: కాదురా. గేటు పెట్టినాయనకు దండం పెట్టాం, బాగుంది. నది కోసం ఎవరికి పెట్టాలి? పైన కొండల్లో పడిన వాన కోసం? చెప్పుకోవలసిన వాళ్ళందరికీ చెప్పుకున్నాక కూడా చేతుల్లో ఇంకా కొంచెం మిగిలిపోతుంది. ఆ మిగిలినది ఎక్కడ పెట్టాలో నాకు తెలియదు. దీపం ముందు పెడతాను. నీకు ఇంకో చోటు ఉంటే అక్కడ పెట్టు. చేతులు మాత్రం దులిపేసుకోకు.

దీనికి వాడు తల ఊపాడు. ఒప్పుకున్నట్టు కాదు, విన్నట్టు. లోపల మగ్గం గుంట పక్కన పెద్దోడి మట్టి ఎద్దులు చీకట్లో కనిపిస్తున్నాయి. వాటి సంగతి అడిగాడు. ఒకదానికి మూడు కాళ్ళే ఉన్నాయి.

నేను: మట్టి ఎద్దుల అమావాస్యకు చేసినవి. బజారులో కొనుక్కొద్దామంటే వినలేదు. చేలోంచి నల్లరేగడి తెచ్చి, నీళ్ళు పోసి, తొక్కి, పిసికి, పొద్దంతా అదే పని. మోచేతుల దాకా మట్టి. మూపురం దగ్గర బాగా కష్టపడ్డాడు. పెద్దగా పెడితే జారిపోతుంది, చిన్నగా పెడితే ఎద్దులా ఉండదు. కళ్ళకు జొన్నగింజలు గుచ్చాడు. ఎండలో పెట్టాం. సాయంత్రానికి ఒకదాని ముందు కాలు నెరిసి ఊడిపోయింది. వాళ్ళ నాయన "ఇంకోటి చేసుకోరా" అన్నాడు. వాడు ఒప్పుకోలేదు. కుంటి ఎద్దును తెచ్చి రెండోదాని పక్కన ఆనించి నిలబెట్టాడు. "ఇది దీనికి ఆనుకుంటది. నిలబడతది" అన్నాడు. అట్లాగే పూజ చేశాం. ఓళిగ పెట్టాం.

ఆ రోజుల్లో మా ఆయన మగ్గాలు అమ్మేస్తానని తిరుగుతున్నాడు. మాచాని సోమప్పగారు 1938లో ఈ ఊళ్ళో నేతగాళ్ళ సహకార సంఘం పెట్టిన కాలం వేరు. ప్రభుత్వం ఆయనకు 1954లో పద్మశ్రీ ఇచ్చింది. మా ఆయన తాత ఆ సంఘానికే నేశాడని ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇప్పుడు మరమగ్గం గుడ్డ ధరకు చేతిమగ్గం గుడ్డ నిలబడటం కష్టం. మగ్గం తొక్కి తొక్కి నెల తిరిగేసరికి చేతిలో ఏమీ మిగలదు. ఆ సాయంత్రం ఆయన ఏమీ అనలేదు. పోయి కొంచెం గరిక తెచ్చి, కొడుకు పక్కన గొంతుక్కూర్చుని, మూడు కాళ్ళ ఎద్దు మూతి దగ్గర పెట్టాడు. నేను ఆయన్ని అట్లా చూసి చాలా నెలలైంది.

తమ్ముడు: మగ్గాలు?

నేను: రెండు ఉండేవి. ఒకటి అమ్మాం. ఒకటి ఉంది.

తమ్ముడు: అదే చెప్తున్నా. ఎద్దును చూసి బావ మనసు కుదుటపడింది. నాకూ సంతోషమే. కానీ నూలు ధర దిగలేదు కదా.

నేను: దిగలేదు.

ఇక్కడిదాకా మా వాదన అక్కా తమ్ముళ్ళ వాదనలాగే ఉంది. ఆ తర్వాత వాడు చెప్పింది రాయాలంటే చెయ్యి ఆడటం లేదు.

తమ్ముడు: నా బడిలో కూడా మట్టి ఎద్దులు చేస్తారు అక్కా. మీవాడికన్నా బాగా చేస్తారు. దీపావళి దాటితే ఆ చేతులు బడిలో ఉండవు. సుగ్గికి పోతారు. ఊరూరికీ లారీలు, బొలెరోలు వస్తాయి. గుంటూరు వైపు మిరపకాయల కోతకు, ఇంకో వైపు పత్తి తీయడానికి, ఇంటికి తాళం వేసి కుటుంబం కుటుంబమంతా పోతుంది. ముసలివాళ్ళు ఉన్నవాళ్ళు పిల్లల్ని వాళ్ళ దగ్గర వదులుతారు. లేనివాళ్ళు వెంట తీసుకుపోతారు. పిల్లల కోసం సీజనల్ హాస్టళ్ళు పెడతారు, అది మంచి పనే. కానీ లారీ కదిలాక హాస్టలు తెరిస్తే ఏం లాభం? పోయిన పిల్ల పోయినట్టే.

రెండేళ్ళ కిందట ఒక పిల్ల అట్లా పోయింది. మూడో తరగతి. ఎక్కాలు అందరికన్నా ముందు చెప్పేది. ఇంట్లో రెండేళ్ళ తమ్ముడు ఉన్నాడు. వాణ్ణి ఎత్తుకోవడానికి ఈ పిల్ల కావాలి. నేనూ ఇంకో మాస్టారూ వెతుక్కుంటూ ఆ చేను దాకా పోయాం, వెనక్కి తీసుకొద్దామని. చేను గట్టు మీద నాలుగు కట్టెలు పాతి పట్ట కప్పారు. దాని కింద చీర ఉయ్యాల. పిల్ల ఉయ్యాల ఊపుతోంది. నన్ను చూసి లేచి నిలబడింది, తరగతిలో నిలబడినట్టు.

మధ్యాహ్నం తల్లి చేలోంచి వచ్చింది. చంటోడు చూడగానే చేతులు చాపాడు. ఆమె ఎత్తుకోలేదు. పొద్దుటి నుంచి మిరపకాయలు తెంపిన చేతులు అక్కా. ఎంత కడిగినా మంట పోదు. ముఖం తాకితే బిడ్డ కళ్ళు మండిపోతాయి. ఆమె వాడి ముందు కూర్చుని, రెండు అరచేతులూ దూరంగా గాల్లో పెట్టుకుని, మోచేత్తో వాడి చెంప నిమిరింది. వాడు ఆ మోచేతిని పట్టుకుని నవ్వాడు. వాడికి అమ్మ అంటే మోచెయ్యే.

ఇప్పుడు చెప్పు. నువ్వు చెప్పే దినదిన సంతోషం, దీపం దగ్గర మాటలు, జేజి, ఇవన్నీ ఆ తల్లికి ఎట్లా చెప్తావు? తీరిక ఉన్న ఇంట్లో పిల్లల మాటలు వేదాంతంలా వినపడతాయి. తీరిక లేని ఇంట్లో అవే మాటలు విసుగు.

నేను చాలాసేపు మాట్లాడలేదు. లోపల చిన్నది నిద్రలో కాలు విసిరితే గోడకు తగిలిన చప్పుడు. దూరంగా జాతర మైకు.

నేను: మోచేత్తో నిమిరిందన్నావే... అంత మంటలోనూ బిడ్డను తాకే దారి ఆమె వెతుక్కుంది కదరా. అదే...

తమ్ముడు: వద్దక్కా. దాన్ని మాత్రం ముద్దుగా చెప్పకు. నేను అందుకు చెప్పలేదు. ఆ పిల్లవాడికి మోచెయ్యి కాదు, అరచెయ్యి కావాలి.

దీనికి నా దగ్గర జవాబు లేదు. లేదని వాడికి అప్పుడే చెప్పాను. ఇప్పుడూ అదే చెప్తున్నాను. పేదరాలి కష్టంలోని అందాన్ని చూసి కళ్ళు తుడుచుకుని, ఇంటికొచ్చి దీపం పెట్టుకునే భక్తి నాకు వద్దు.

చాలాసేపటి తర్వాత నేను వెంకన్న కథ ఎత్తాను. మా వైపు ఆ కథ తెలియనివాళ్ళు ఉండరు. ఆదోని పక్కన పశువులు కాచుకునే కుర్రవాడు. అక్షరం రాదు. నవాబు సిద్ది మసూద్ ఖాన్ చేతికి ఒక ఉత్తరం వస్తే, అక్కడున్న వెంకన్నను చదవమన్నాడట. వాడు రాఘవేంద్రస్వామిని తలుచుకుని ఉత్తరం విప్పితే చదవడం వచ్చేసిందట. తర్వాత అతనే ఆదోనికి దివాన్ అయ్యాడనీ, స్వామికి మంచాల గ్రామం దక్కడంలో అతని చెయ్యి ఉందనీ చెప్తారు. ఆ మంచాలే మంత్రాలయం. స్వామి 1671లో అక్కడే బృందావన ప్రవేశం చేశారు.

నేను: నువ్వు మొదట అడిగిన దానికి నా జవాబు ఈ కథే. పిల్లల చేష్టల్లో నేను అర్థం కల్పిస్తున్నానన్నావు. ఉత్తరం ఎప్పుడూ చేతిలోనే ఉంటుందిరా. చదవడమే రాదు. పిల్లల వల్ల నాకు రెండక్షరాలు వచ్చాయి.

తమ్ముడు: నీకు ఆ కథలో మహిమ కనిపిస్తుంది. నాకు చిన్నప్పటి నుంచీ ఒకటే కనిపిస్తుంది. పశువులు కాచే కుర్రవాడికి చదువు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే మహిమతో పనే ఉండేది కాదు. ఇన్ని వందల ఏళ్ళ తర్వాత అదే సీమలో మూడో తరగతి పిల్ల ఉయ్యాల ఊపుతోంది. నేను ఎవరిని తలుచుకోవాలి?

నేను: ఆ పిల్ల తిరిగొచ్చిందా?

తమ్ముడు: వేసవిలో వచ్చింది. ఎక్కాలు మరిచిపోయింది. మళ్ళీ మొదటి నుంచి చెప్పాను.

నేను: మళ్ళీ మొదటి నుంచి చెప్పావు. దాన్ని నువ్వు ఏమంటావు?

తమ్ముడు: ఉద్యోగం అంటాను.

నేను: జీతం లెక్కలో చేను దాకా పోవడం లేదు. నువ్వు పిల్లల్ని లెక్కపెట్టడానికి పోయి ఉంటే ఉయ్యాల చూసి, పేరు రాసుకుని వచ్చేవాడివి. మోచెయ్యి కనిపించేది కాదు. నా కూతురు పుట్టినప్పుడు ఆసుపత్రిలో దాన్ని ఎత్తుకోవడానికి భయపడి, మోచేతులు రెండూ దగ్గరపెట్టి ఒళ్ళో వేయించుకున్న మనిషివి నువ్వు. నీకు తెలుసు గనుకే కనిపించింది. దానికి పేరు నువ్వే పెట్టుకో. నేను విశ్వాసం అంటాను.

వాడు జవాబు చెప్పలేదు. బొరుగులు అయిపోయాయి. మా ఇద్దరిలో ఎవరూ తమ మాట వదులుకోలేదు. వాడికి ఇప్పటికీ దీపం అక్కర్లేదు, నాకు కావాలి. కానీ ఆ రాత్రి నాకు ఒకటి తేలింది. నా పిల్లల దగ్గర నాకు దొరికే సంతోషం ఉత్తపుణ్యానికి దొరికింది కాదు. పక్క మండలంలో ఇంకో తల్లికి అందని తీరిక నాకు అందింది గనుక దొరికింది. జేజి ఎటు ఉంటే అటు తిరిగి దండం పెట్టమని ఏడాది పిల్ల నాకు చూపించింది కదా. ఇప్పుడు అటు తిరగాలి.

పొద్దున్నే ఉగ్గాని తిని, మామ భుజం మీద ఒకసారి ఎక్కి దిగారు పిల్లలు. చిన్నది వాడికి దండం పెట్టింది. వాడు నవ్వుతూ, "నేను జేజిని కాదమ్మా, మామను" అన్నాడు. అది వినలేదు. ఆదోని బస్సు దాకా నేనూ నడిచాను. దారిలో చెప్పాను: వచ్చే దీపావళికి నీ బడిలో ఏ ఆడపిల్లకైనా వెనక ఉండటానికి ముసలివాళ్ళు లేకపోతే, హాస్టలు తెరిచేదాకా మా ఇంట్లో ఉంటుంది. ఆమె తమ్ముడు కూడా. మా అత్తను అడిగాను, సరేనంది. కండెల రాట్నం పక్కన చాప వేస్తే ఇద్దరు పిల్లలకు చోటు సరిపోతుంది.

సుగ్గి బండ్లు దీపావళి దాటగానే కదులుతాయి. ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి, కౌతాళం వైపు ఇది చదివే తల్లులారా, నాయనలారా, హాస్టళ్ళు ఆ బండ్లకన్నా ముందు తెరవాలని మీ పంచాయతీలో, మీ బడి కమిటీలో దసరా లోపే అడగండి. మీ ఇంట్లో చాప వేసేంత చోటుంటే మీ ఊరి బడిపంతులుకు ఒక మాట చెప్పి ఉంచండి.